గైడులో అచ్చేసిన సందేహాలు

పదో తరగతి జీవశాస్త్రం పేపర్లో ఓ ముచ్చటైన ప్రశ్న వస్తుంటుంది: కిడ్నీ డాక్టరును కలిస్తే మీరేం అడుగుతారు? తెలివైన ప్రశ్నే. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన సైన్సు పుస్తకాలు 'ప్రశ్నించడం, పరికల్పన చేయడం' అనేదాన్ని ఏకంగా ఒక విద్యాప్రమాణం చేశాయి. అడగడం నేర్చిన పిల్లలకు తర్కం అబ్బుతుందని ఆశ.

ఆ ఆశకు మనవాళ్లు వెంటనే విరుగుడు కనిపెట్టారు. జవాబులతో పాటు సందేహాలను కూడా గైడులో అచ్చేశారు! నవీపేట్ పిల్లకొచ్చిన అనుమానమే బోధన్ పిల్లగానికీ వస్తుంది, కామాతో సహా. పొరపాటున ఎవడైనా సొంత సందేహం అడిగాడా, "అది పరీక్షల రాదు, కూసో" అంటారు. కుతూహలానికి కూడా సిలబస్ ఉండాలి కదా.

పసుపు సంగతి ఇంకా సొగసు. పసుపు సహజ సూచిక, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఈ వాక్యాన్ని నిజామాబాద్ జిల్లా పిల్లలు బట్టీ పడతారు. ఏ జిల్లా? 2025లో జాతీయ పసుపు బోర్డు ఆఫీసు తెరిచిన జిల్లా! పెండ్లిలో కాళ్లకు పూసే పారాణి పసుపూ సున్నమూ కలిస్తే వచ్చిందే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా చెరకు రసంలో సున్నం కలిపి మడ్డి దించింది, అదీ ఆమ్ల క్షారాల పాఠమే. అయినా ల్యాబు రికార్డులో 'పరిశీలన' గడి ప్రయోగం కంటే ముందే నిండుతుంది. సీనియర్ల రికార్డు ఉండగా మళ్లీ పరిశీలించడమెందుకు, దండగ!

ఇక పిల్లల తర్కం ఎందుకు వెనకబడిందని మీటింగు పెడితే కారణాలకు కొదవ లేదు. తల్లిదండ్రులు చదువుకోలేదు, ఇంట్లో పేదరికం, చేతిలో ఫోను, కొత్తగా ఇంగ్లీషు మీడియం. ఇవన్నీ ఉన్నమాటే, కాదనను. కానీ పసుపు కొమ్ము కొనడానికి ఏ గ్రాంటు కావాలి? చిటికెడు సున్నానికి ఏ మీడియం అడ్డం? ఇరవై ఇంటర్నల్ మార్కులకు ఇరవై వేసే చెయ్యి ఆ జాబితాలో ఎప్పుడూ కనబడదేం?

సైన్సు సార్లకు, మేడములకు ఒక్క మనవి. ఈసారి పేపర్లు దిద్దేటప్పుడు గైడులో లేని ప్రశ్న ఒక్కటి కనబడితే, అది వంకరటింకరగా ఉన్నా సరే, దానికి పూర్తి మార్కులు వేయండి.