దేవుడికి ఒక వారం, షరతులు వర్తిస్తాయి

మనకు రోడ్డు భద్రతా వారోత్సవాలు ఉన్నట్టే, 1940లు, 50లలో అమెరికా కాలేజీల్లో ‘మత ప్రాధాన్య వారం’ అని ఒకటి ఉండేది. బయటి నుంచి పాస్టర్లనీ, ఫాదర్లనీ, వీలైతే ఒక యూదు రబ్బీనీ పిలిపించేవారు. చాపెల్‌లో ప్రార్థనలు, హాల్లో ఉపన్యాసాలు, రాత్రిపూట హాస్టళ్లలో కుర్రాళ్లతో వాదోపవాదాలు. వారం తిరగ్గానే అతిథులు రైలెక్కేవారు, దేవుడికి మళ్లీ ఏడాది దాకా సెలవు.

ఈ ఏర్పాటులో నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఆ ధీమా. దేవుడు ఎప్పుడు రావాలో చెప్పడమే కాదు, వచ్చాక ఏ సంగతి ఎత్తకూడదో కూడా ముందే చెప్పగలగడం! ఈ విద్యలో మిసిసిపీ విశ్వవిద్యాలయాన్ని మించినవారు లేరు. అది ఉన్న ఊరి పేరు ఆక్స్‌ఫర్డ్. ఎప్పటికైనా యూనివర్సిటీ రాకపోతుందా అన్న ఆశతో ఊరికి ముందే ఆ పేరు పెట్టుకున్నారు. యూనివర్సిటీ వచ్చింది. అంతవరకే వచ్చింది.

1956 ఫిబ్రవరి వారానికి పిలిచిన వక్తల్లో ఆల్విన్ కెర్షా ఒకరు. ఒహాయో రాష్ట్రంలోని ఇంకో ఆక్స్‌ఫర్డ్‌లో ఎపిస్కోపల్ పాస్టర్. జాజ్ సంగీతం అంటే ప్రాణం. అంతకుముందు ఏడాది టీవీలో 64,000 డాలర్ల క్విజ్‌కి వెళ్లి, జాజ్ మీద ప్రశ్నలకు జవాబులు చెప్పి, 32,000 దగ్గర చాలించుకుని వచ్చేశారు. దేశమంతా ఆయన మొహం తెలుసు. అలాంటి అతిథి దొరకడం ఏ కాలేజీకైనా పండగే. అయితే ఆయన, గెలిచిన డబ్బులో కొంత ఎన్‌ఏఏసీపీకి ఇస్తానన్నారు. నల్లవాళ్ల హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే సంస్థ అది. బడుల్లో తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చేత చెప్పించింది కూడా ఆ సంస్థ లాయర్లే.

ఇంకేముంది, రాష్ట్రం భగ్గుమంది. ఛాన్సలర్ జె.డి. విలియమ్స్ ఆహ్వానం వెనక్కి తీసుకున్నారు. ఇలాంటప్పుడు మన నోటీసు బోర్డుల మీద ‘అనివార్య కారణాల వల్ల’ అనే నాలుగు చుక్కల మందు ఉంటుంది. అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

ఆ రాష్ట్రానికి దేనితో ఇబ్బందో, దేనితో కాదో తెలియాలంటే కొన్ని నెలలు వెనక్కి వెళ్లాలి. 1955 ఆగస్టులో అదే మిసిసిపీలో పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ అనే నల్లపిల్లాణ్ణి ఇద్దరు తెల్లవాళ్లు ఎత్తుకుపోయి చంపి నదిలో పడేశారు. సెప్టెంబరులో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంట పైచిలుకు ఆలోచించి వాళ్లను నిర్దోషులంది. 1956 జనవరిలో, అంటే మన మత వారానికి నెల రోజుల ముందు, ఆ ఇద్దరూ ‘లుక్’ పత్రిక దగ్గర డబ్బు తీసుకుని, అవును మేమే చంపాం అని చెప్పుకున్నారు. ఒకసారి విడుదలయ్యారు కాబట్టి చట్టం వాళ్లను మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు రెండు డబ్బులూ పక్కపక్కన పెట్టి చూడండి. హత్య కథ అమ్ముకుని తెచ్చుకున్న డబ్బు ఒకటి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటివాళ్ల పాటలు గుర్తుపెట్టుకుని గెలుచుకున్న డబ్బు ఇంకొకటి. రాష్ట్రపు పెద్దలకు అపవిత్రంగా తోచింది రెండోది. పొరుగువాణ్ణి ప్రేమించు అని చెప్పడానికి వచ్చే మనిషి, పొరుగువాడికి నిజంగానే చెక్కు రాసిస్తానంటే ఎలా? ప్రేమ చాపెల్‌లో ఉండాలి, బ్యాంకు దాకా వెళ్లకూడదు.

తర్వాత జరిగింది పాలకవర్గం ఊహించనిది. మిగతా వక్తలు, ఆయన రాకపోతే మేమూ రామన్నారు. స్థానిక పాస్టర్లు ఆ ఖాళీ పూరించడానికి ముందుకు రాలేదు. సోషియాలజీ శాఖాధిపతి మోర్టన్ కింగ్ ఉద్యోగానికే రాజీనామా ఇచ్చేశారు. దాంతో మత వారం మిగిలింది గానీ అందులో మాట్లాడే మనిషి మిగల్లేదు. అక్కడ మత వ్యవహారాల డైరెక్టర్‌గా ఉన్న విల్ క్యాంపెల్ ఫుల్టన్ చాపెల్ వేదిక మీద ఖాళీ కుర్చీలు వేయించారు. ప్రసంగం ఉండాల్సిన వేళకు జనం వచ్చి మౌనంగా కూర్చుని వెళ్లేవారు. దేశంలో అన్ని కాలేజీల్లో జరిగిన ఇలాంటి వారాల్లో, నా లెక్కన, వక్త అబద్ధమాడలేదని ఒట్టేసి చెప్పగలిగింది ఈ ఒక్కదాని గురించే.

ఈ క్యాంపెల్ మిసిసిపీలోనే పుట్టిన తెల్ల బాప్టిస్టు. ఒక నల్లజాతి పాస్టర్‌తో క్యాంపస్‌లో టేబుల్ టెన్నిస్ ఆడారని ఆయన మీద సంజాయిషీ పంచాయితీ కూడా నడిచింది. బ్యాట్లు ఎవరివి వాళ్లకే, రెండూ సమానమే, బంతి ఎలాగూ తెల్లదే కదా అని ఆయన చమత్కరించారట. ‘వేరుగా ఉన్నా సమానం’ అనే ఆనాటి చట్టభాషకు ఇంతకంటే మర్యాదైన దహన సంస్కారం నేను చూడలేదు. ఆ ఏడాదే ఆయన అక్కణ్ణుంచి వెళ్లిపోయారు. అదే ఏడాది మార్చిలో రాష్ట్రం ‘సార్వభౌమత్వ కమిషన్’ అని ఒకటి పెట్టి, తన పౌరుల మీదే నిఘా మొదలెట్టింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడానికి కూడా బడ్జెట్ ఉన్న ప్రభుత్వం అది.

గొడవ జరుగుతుందనే కదా కెర్షాను వద్దన్నారు. ఆయన్ని ఆపి సాధించిన శాంతి ఎన్నేళ్లు నిలిచిందో చూద్దాం. 1962 సెప్టెంబరు 30, ఆదివారం. జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి చేరబోతున్నాడని ఆ రాత్రి క్యాంపస్‌లో రాళ్లు, సీసాలు, తుపాకులు లేచాయి. ఊరి ఎపిస్కోపల్ పాస్టర్ డంకన్ గ్రే అక్కడి కాన్ఫెడరేట్ సైనికుడి స్మారకం ఎక్కి, ఇళ్లకు వెళ్లిపోండని జనాన్ని బతిమాలారు. ఆయన్ని కిందికి లాగి కొట్టారు. ఆ ప్రసంగానికి ఆహ్వానపత్రం లేదు, చాపెల్ లేదు, రద్దు చేయడానికి ఛాన్సలర్‌కు వ్యవధీ లేదు. తెల్లారేసరికి ఇద్దరు చనిపోయారు, నూట అరవై మందికి పైగా ఫెడరల్ మార్షల్స్ గాయపడ్డారు, వేల మంది సైనికులు దిగారు. అక్టోబరు 1 పొద్దున మెరెడిత్ రిజిస్టర్‌లో పేరు రాయించుకుని అమెరికా చరిత్ర క్లాసుకు వెళ్లాడు.