ఢిల్లీ నంబరు, కరీంనగర్ బంపు

ఢిల్లీలో పదేళ్లు నిండిన డీజిల్ కారును ముసలిదన్నారు. పెట్రోల్ కారుకు పదిహేనేళ్లు. అంతకు మించితే రోడ్డెక్కొద్దని గ్రీన్ ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది. అప్పటి నుంచి గడువు దగ్గరపడ్డ బండ్లను అక్కడి షావుకార్లు అయినకాడికి వదిలించుకుంటూ వచ్చారు. ఆ ముసలి కారే ఎన్‌వోసీ పట్టుకొని, నాగపూర్ మీదుగా పెన్‌గంగ దాటిందంటే చాలు, ఫస్ట్ ఓనర్, షోరూం కండిషన్, డాక్టర్ గారు వాడిన బండి అయిపోతుంది. మధ్యలో ఏ చెక్‌పోస్టు దగ్గర దాని వయసు తగ్గిందో ఎవరూ అడగరు. వెనక్కి తిప్పిన మీటరును అడగాలి, అది చెప్పదు.

మా బామ్మర్దికి ఈ గాలి తగిలింది. గ్రానైట్ వ్యాపారంలో వాటా, కరీంనగర్ ముకరంపురలో ఆఫీసు, భగత్‌నగర్‌లో ఇల్లు. ఈ రెండింటి మధ్య రోజూ తిరగడానికి రెండు డోర్ల, రెండు సీట్ల జర్మన్ స్పోర్ట్స్ కారు కావాలట.

"కొత్త ఫార్చూనర్ పైసలకే వస్తున్నది బావా! కొత్తగ కొంటే కోటి. అరవై లక్షలు మిగిలినట్టే గదా!"

కొనని కారు మీద అరవై లక్షలు మిగిల్చుకున్న మనిషితో లెక్కల్లో గెలవలేం. ఆ మిగులులో ఒక రెండు లక్షలు చేబదులు ఇయ్యమన్నాను. మాట మార్చాడు.

కారు ధర సగానికి పైగా పడిపోయిన మాట నిజమే. కానీ ఆ సంగతి దాని బ్రేకు డిస్కులకు, గేర్‌బాక్సుకు, టైర్లకు ఎవరూ చెప్పలేదు. అవి ఇంకా కోటి రూపాయల కారు సామాన్లమనే అనుకుంటున్నాయి, బిల్లూ అట్లాగే వేస్తాయి. సర్కారుదీ అదే లెక్క. వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. అప్పుడు లైఫ్ ట్యాక్స్. ఇరవై లక్షలు దాటిన కొత్త కారుకు 2022లో దాన్ని 18 శాతం చేశారు. పాత బండికి వయసును బట్టి శాతం తగ్గిస్తారు గానీ, లెక్క కట్టేది కొత్తప్పటి ధర మీదే. ఓనర్ పేరు మీద ఇంకో కారుంటే రెండు శాతం పైన. అంటే కారు పాతబడిందని నమ్మినవాడు ఈ దేశంలో ఒక్కడే, అమ్మినవాడు.

ట్యాక్స్ ఎగ్గొట్టి ఢిల్లీ నంబరుతోనో పుదుచ్చేరి నంబరుతోనో తిరిగితే? తిరుగుతున్నారు. 2021 ఆగస్టులో రవాణా శాఖ వాళ్లు శంషాబాద్ వైపు మాటేసి ఇట్లాంటి ఫెరారీలను, లంబోర్గినీలను పట్టుకున్నారు కూడా. ఇక బేరం బెడిసికొడితే ఏమవుతుందో 2024 ఏప్రిల్‌లో పహాడీషరీఫ్ చూసింది. 2009 మోడల్ పసుపు లంబోర్గిని గల్లార్డో, ఢిల్లీ నంబరే. ఓనర్ అమ్మకానికి పెట్టాడు. పోలీసులు చెప్పిన ప్రకారం, కొంటామని చూడటానికి రప్పించి, పాత బాకీ గొడవలో పెట్రోల్ పోసి కాల్చేశారు. పోసింది మామూలు పెట్రోలా, పవర్ పెట్రోలా అన్నది మాత్రం పేపర్లో రాలేదు.

అది చిన్న విషయమేం కాదు. ఇట్లాంటి కారు పుస్తకంలో 95 ఆక్టేన్‌కు తగ్గొద్దని రాసి ఉంటుంది. దానికి తోడు మన బంకులో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఆ ఇథనాల్ చెరుకు నుంచి, నూకల నుంచి, మక్కల నుంచి వస్తుంది. మా ఊళ్ల దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీయే వద్దని నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో రోడ్డు మీద కూర్చుని పనులు ఆపించారు. పాత జర్మన్ కారు కూడా నోరుంటే వాళ్ల పక్కనే కూర్చునేది.

బండి వచ్చింది. నీలం రంగు, నేలకు జానెడు కూడా లేదు. మంచిర్యాల చౌరస్తాలో ఆగితే ఆటోవాళ్లు, చాయ్ హోటల్ వాళ్లు, పాలు పోసే పటేలు అందరూ మూగారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఎంతిస్తది?"

"టౌన్ల ఆరు," అన్నాడు మావాడు ఛాతీ విరిచి.

పటేలు తలూపాడు. "మా బర్రె గూడ పూటకు ఆరే ఇస్తది. గని దానికి పెట్రోల్ పొయ్యం."

తర్వాత మెకానిక్. కారు ఏదో లైటు వెలిగిస్తున్నదని తీసుకుపోతే, ఆ పిల్లగాడు ముందర బానెట్ ఎత్తాడు. లోపల డిక్కీ. వెనక్కి పోయి ఎత్తాడు. అక్కడా డిక్కీయే. చేతులు తుడుచుకుంటూ అడిగాడు: "అన్నా, ఇంజినేది?" సీట్ల వెనక మధ్యలో ఉంటుందనీ, చూడాలంటే లిఫ్టు మీద పెట్టి కింది నుంచి విప్పాలనీ మావాడు పుస్తకం చదివి చెప్పాడు. "అయితే గది హైదరాబాద్‌లనే విప్పుతరన్నా. నాకు కనవడని దాన్ని నేను రిపేర్ జెయ్య," అన్నాడు. ఇంత నిజాయితీ ఆ కారు అమ్మిన కన్సల్టెన్సీలో ఉంటే మా బామ్మర్ది ఈపాటికి ఫార్చూనర్‌లో తిరిగేవాడు.

(నిజంగానే తక్కువ తిరిగిన, ఒకే కుటుంబం వాడిన లగ్జరీ కారు కావాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లో ఒకటుంది. 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్. ఆర్డరిచ్చిన ఆరో నిజాం అది చేతికి రాకముందే, 1911లో కన్నుమూశాడు. ఇంతకంటే మంచి కండిషన్ ఏ కన్సల్టెన్సీలోనూ దొరకదు, కాకపోతే అమ్మకానికి లేదు.)

అసలు కథ రోడ్డు మీద. స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. మన ఊళ్లలో బంపును ఇంజినీరు వేయడు, కోపం వేస్తుంది. ఊరి ముందర ఎవరినో బండి గుద్దుతుంది, ధర్నా అవుతుంది, సాయంత్రానికి ట్రాక్టర్ కంకర, నాలుగు బస్తాల సిమెంటు వచ్చి పడతాయి. ఎత్తు ఆ రోజు కోపాన్ని బట్టి. మావాడి కారుకు నేల నుంచి ఉన్న జాగా పన్నెండు సెంటీమీటర్లు.

పూజకు కొండగట్టు పోయారు మొగుడూ పెళ్లాం. పిల్లలు, అత్తగారు వెనక ఆటోలో, సీట్లు రెండే కదా. బంపు వచ్చినప్పుడల్లా "దిగు, ఆనుతున్నదా చూడు" అంటాడు. మా చెల్లె పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని దిగి, వంగి చూసి, "ఇంకొంచెం అడ్డంగ తిప్పు... ఆగు, ఆగు... చాంబర్ తగుల్తది" అంటుంది. ఆయన కారును రోడ్డుకు అడ్డంగా పెట్టి ఒక్కో టైరు ఎక్కిస్తుంటే, వెనక ఆర్టీసీ బస్సు హారన్, దాని వెనక గ్రానైట్ లారీ. "కారు కొన్నంక మస్తు నడుస్తున్న అన్నా, షుగర్ తగ్గింది," అన్నదామె నాతో.

ఆ గ్రానైట్ లారీ సంగతి కూడా చెప్పాలి. కరీంనగర్ గుట్టలు కోసి తీసిన టాన్ బ్రౌన్ రాయి కాకినాడ రేవు నుంచి చైనా దాకా పోతుంది. ఒక్కో బ్లాకు పదుల టన్నులు. క్వారీ నుంచి రైల్వే స్టేషన్ దాకా ఆ బరువు మోసేది మన రోడ్లే. గుంతలు పడతాయి. ఆ గుంతల్లో ఒకటి, మొన్న మావాడి రిమ్మును వంచింది, సరిగ్గా వాళ్ల క్వారీ మలుపు దగ్గరే. కలెక్టరేట్‌లో ఫిర్యాదు ఇద్దామని బయల్దేరాడు. "ఎవరి మీద ఇస్తవ్?" అని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తున్నాడు.

బంపులు లేని రోడ్డు లేదా అంటే, ఉంది. నూట ఇరవై కిలోమీటర్లు పాకి ఆర్మూర్ చేరితే నేషనల్ హైవే 44 తగులుతుంది. డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఆదిలాబాద్ దాకా పోయొస్తానని బయల్దేరాడు. అక్కడ చలి ఐదారు డిగ్రీలకు దిగుతుంది. ఈ కార్లకు వేసే టైర్లు ఏడు డిగ్రీల కింద గట్టిపడి పట్టు వదులుతాయి. పొగమంచులో పత్తి ట్రాక్టర్ల వెనక నలభైలో పోయి, నిర్మల్ దాటకముందే పంచర్. స్టెప్నీ లేదు. కంపెనీ వాళ్లే పెట్టలేదు, బరువని. ఆ సైజు టైరు పంచర్ దుకాణాయన ఎప్పుడూ చూడలేదట.

"ఫికర్ జెయ్యకు అన్నా," అన్నాడాయన. "మాది నిర్మల్. పొనికి కర్రతోని ఒకటి చెక్కిపిస్త. రంగు గూడ మంచిగ ఏస్తరు."

కారు లారీ ఎక్కి ఇల్లు చేరింది. ఆ బండి లారీ మీద తిరిగిందే ఎక్కువ, మీటరులో అదొక్కటే కలవలేదు.

చివరికి మా బామ్మర్దికి ఒక ఆలోచన వచ్చింది. కారును ఎత్తలేం గనక బంపును దించాలి. రోడ్స్ కాంగ్రెస్ కొలతలు ప్రింటు తీసుకుని, అన్నిటికంటే ఎత్తయిన బంపున్న ఊరి సర్పంచ్ దగ్గరికి నన్ను కూడా తోలుకుపోయాడు. సర్పంచ్ కాగితం అంతా చదివి, టేపు తెప్పించి, బంపును మనుషులతో కొలిపించాడు. ఇరవై రెండు సెంటీమీటర్లు.

"ఎందుకేసినమో ఎరికేనా పటేలా? పోయినేడు గిసొంటి కారే ఒకటి రయ్యిమని వచ్చి మా గొర్లను గుద్దింది. గిప్పుడు నీది ఆగిందా లేదా?"

"ఆగింది."

"మరి మంచిగనే పనిజేస్తున్నది గదా," అని టేపు చుట్టి, ఆ కొలత అదే కాగితం వెనక రాయించుకున్నాడు, పక్క ఊరోళ్లు అడుగుతున్నారట.