మెనూ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఎలమంచిలి పిల్ల ఒకతె తెరమీద బ్లాకులు పేర్చి రైలాట కడుతోంది. అందులో ఊళ్ళ మెనూ ఉంది: విశాఖపట్నం, అనకాపల్లి, ఎలమంచిలి, తుని. ఇంగ్లీషు మెనూను తెలుగు చేయబోయే ప్రోగ్రామరుకు కవి హితవు చెబుతున్నాడు.

ఆ. పైకి తెలుగు పేరు పలకపై చూపించు
లోన కోడు మార్చ లోపమగును
పలుకు మారుగాక పని మారరాదోయి
మెనుల రీతి యిదియె మేలు సుమ్ము

ప్రతిపదార్థం: పైకి = నొక్కగానే కిందికి జారే పట్టీలో; తెలుగు పేరు = పిల్ల చదువుకోగల మాట; పలకపై = తెరమీద; చూపించు = కనబరచు; లోన కోడు = ప్రోగ్రాం దాచుకున్న గుర్తు; మార్చ = మార్చినచో; లోపమగును = నిన్న నడిచిన ఆట ఇవాళ మొరాయించును; సుమ్ము = గణం చాలక వేసినది.

తాత్పర్యం: మెనూలో ప్రతి అంశానికీ రెండు రూపాలుండాలి. కంటికి కనబడేది భాషనుబట్టి మారుతుంది. ప్రోగ్రాం దాచుకునేది ఏ భాషలోనూ మారదు. బ్లాకులతో ప్రోగ్రాం కట్టించేందుకు 2012లో గూగుల్ తెచ్చిన బ్లాక్‌లీది ఈ పద్ధతే. పిల్లలు ఆటలు కట్టుకునే స్క్రాచ్‌లో 2019 నాటి 3.0 కూర్పును కట్టింది బ్లాక్‌లీమీదే.

విశేషం: స్టేషన్ బోర్డుమీద పేరు ఎన్ని లిపుల్లో ఉన్నా, రైల్వే లెక్కలో ఎలమంచిలి వైఎల్ఎమ్మే. పైగా ఈ ఊరిని యలమంచిలి అనీ రాస్తారు. పేరునే గుర్తుగా దాచిన ఆటలో ఎవరో పుణ్యాత్ముడు 'య' తీసి 'ఎ' పెడితే, పాత ఆటల్లో రైలు ఈ ఊళ్ళో ఆగదు.

వ్యాకరణం: 'కి వెళ్ళు' అని బ్లాకుమీద గుద్దేసి, ముందు ఖాళీలో ఊరిపేరు పెడితే 'తుని కి' అన్నదాన్ని ఎలాగో సరిపెట్టుకోవచ్చు. 'విశాఖపట్నం కి' అంటే తెలుగు మేష్టారు బెత్తం తీస్తారు. కనక 'తునికి వెళ్ళు', 'విశాఖపట్నానికి వెళ్ళు' అని ప్రతి అంశాన్నీ నిండుగా రాయాలి. అన్నిటి చివరా ఉన్న 'వెళ్ళు'ను బ్లాక్‌లీ తానే పోల్చుకుని, మెనూ అవతల ఒక్కసారే చూపుతుంది. విభక్తి పేరును అంటిపెట్టుకునే ఉంటుంది. ఇంగ్లీషులో క్రియ ముందుంటుంది గనక అక్కడ మెనూకు ముందు నిలుస్తుంది.

ఛందస్సు: ఆటవెలది. ఆటకు అంతకన్నా ఏం తగుతుంది?

మనవి: మెనూలు రాసే బాబులూ, అమ్మలూ! అనువాదకుడికి వాక్యాన్ని ముక్కలు చేసి ఇవ్వకండి. నిండుగా ఇవ్వండి. ముక్కలు చేసే పని యంత్రం చూసుకుంటుంది.