ఆర్మూర్‌కు మార్చి ఎండల్లోనే రండి

ఆర్మూర్‌కు ఎప్పుడు రావాలని ఎవరడిగినా ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో రమ్మంటాను, అదీ మిట్టమధ్యాహ్నం. దసరా సెలవులకు వస్తాం, డిసెంబర్ చలికి వస్తాం అనేవాళ్లను ఆగమంటాను. ఇది తలకిందుల సలహా అని మా ఇంట్లోవాళ్లే అంటారు. చుట్టాన్ని పిలిచే వేళేనా అది? దుమ్ము, ఉక్క, రోడ్డు నిండా ట్రాక్టర్లు, మాట్లాడటానికి ఒక్కరికీ తీరిక ఉండదు. అన్నీ నిజమే. కానీ ఆర్మూర్ పండించి అమ్మే ఊరు. పని ఆగిన రోజుల్లో వస్తే మీకు కనిపించేది రెండు జాతీయ రహదారులు, కొన్ని దుకాణాలు, ఒక గుట్ట, అంతే. ఈ ఊరు తొమ్మిది నెలలు దేనికోసం కాచుకుని ఉంటుందో మార్చిలోనే తెలుస్తుంది.

హైదరాబాద్ నుంచి దాదాపు 190 కిలోమీటర్లు. 44వ నంబర్ రహదారి మీద నాగ్‌పూర్ పోయేవాళ్లు వేలమంది మా పక్క నుంచే దూసుకుపోతారు. వాళ్లలో ఆగేవాళ్లు అంకాపూర్ కోడికూర కోసం ఆగుతారు, లేదంటే పోచంపాడు డ్యామ్ గేట్లు ఎత్తారని వింటే ఆగుతారు. నేను మాత్రం ముందు ఊరు దాటి పొలాల్లోకి పొమ్మంటాను. పెర్కిట్ దాటినా సరే, బాల్కొండ వైపైనా సరే, కమ్మర్‌పల్లి తోవలోనైనా సరే. ఎక్కడ పొగ, ఆవిరి కలిసి లేస్తుంటే అక్కడ బండి ఆపండి. అక్కడ పసుపు ఉడుకుతుంటుంది.

ఆ వాసన పొడి పసుపు వాసనలా ఉండదు. మట్టి, పచ్చిదుంప, వేడి ఆవిరి కలిసిన ఘాటు అది, ముక్కుకు కొట్టినట్టు వస్తుంది. ఇదివరకు పెద్ద ఇనుప కడాయిల్లో, పైన పసుపు ఆకులు కప్పి ఉడకబెట్టేవారు. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు పొలం గట్టుకే వస్తున్నాయి. ఎంతసేపు ఉడకాలన్న లెక్క మాత్రం ఇప్పటికీ మనిషి వేళ్లలోనే ఉంది. దుంపను నొక్కితే మెత్తబడాలి, పుల్ల గుచ్చితే దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా విరిగిపోతుంది. ఆ క్షణం చూసి చెప్పే మనిషి దగ్గర నిలబడండి, కానీ మాట్లాడించకండి. అడగాల్సింది ఏమన్నా ఉంటే బాయిలర్ దించాక అడగండి.

తవ్వే చేలోకి పోతే ఇంకొంచెం జాగ్రత్త. ఆకు కోసేసిన మడిలో ట్రాక్టర్ దుంపను లేపుతుంది, వెనకాలే ఆడవాళ్లు వరసగా కూర్చుని మట్టి దులిపి మండను, కొమ్మును వేరు చేస్తారు. మండ అంటే తల్లి దుంప, కొమ్ములు దాని పక్కల నుంచి సాగిన పిల్లలు. ఇదే సరుకు మార్కెట్ యార్డుకు పోయాక గోళ, కాడి అయిపోతుంది. ఈ పనికి సరిహద్దు అవతల మహారాష్ట్ర నుంచి కూడా కూలీలు వస్తారు. గట్టు మీద మరాఠీ, తెలుగు, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. అక్కడ కెమెరా తీయొద్దు. వంగి పనిచేస్తున్న మనిషిని పైనుంచి ఫొటో తీయడం నాకు నచ్చదు. గట్టు మీదే కూర్చోండి. వయసులో పెద్దామె అయితే అవ్వా అనండి, మీ ఈడుదైతే అక్కా అనండి. "తవ్వుడు ఎన్ని రోజులైతది?" అని ఒక్క ప్రశ్న చాలు. మిగతాది వాళ్లే చెబుతారు.

లెక్క మాత్రం తెలుసుకుని రండి. జూన్‌లో తొలకరికి ఎకరానికి ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల విత్తన దుంప నాటుతారు. మధ్యలో మక్క వేసుకుంటారు, అది కోతకొచ్చి పోయాక పసుపు ఒక్కటే మిగులుతుంది. తొమ్మిది నెలలు నీళ్లు పెట్టి, దుంపకుళ్లు రాకుండా కాపాడి, తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో పది పదిహేను రోజులు ఎండబెడితే నాలుగైదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఒక్క క్వింటాలుగా మిగులుతుంది. తర్వాత డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి. ఈ లెక్క తెలిసిన మనిషి ధర గురించి వేరే గొంతుతో మాట్లాడతాడు.

అందుకే మార్కెట్‌ను చివరికి పెట్టుకోమంటాను. పసుపు మార్కెట్ చూడాలని నేరుగా ఆర్మూర్ వచ్చేవాళ్లకు ఇక్కడ దొరికేది సగమే. మా సరుకులో ఎక్కువ భాగం పాతిక కిలోమీటర్ల అవతల నిజామాబాద్ యార్డులోనే అమ్ముడవుతుంది. 2016 ఏప్రిల్ 14న ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు దేశంలో తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. అక్కడ ధర నచ్చక లారీ కట్టుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోయే రైతులూ ఉన్నారు. ముందే యార్డుకు పోతే మీకు కుప్పలు, బస్తాలు, అంకెలు కనిపిస్తాయి. మూడు రోజులు పొలాల్లో తిరిగి పోతే, వ్యాపారి కొమ్మును విరిచి చూసే ఆ ఒక్క క్షణంలో రైతు ముఖం ఎందుకు బిగుసుకుంటుందో తెలుస్తుంది.

ఇంకో తప్పు సలహా చెప్పేస్తాను. ఆర్మూర్‌లో మొదట చూడదగ్గ చోటు మామిడిపల్లి చౌరస్తా. శిల్పం లేదు, చెట్టు నీడ కూడా పెద్దగా లేదు. లారీల హారన్ మధ్య ఒక పావుగంట నిలబడాలి. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఇక్కడే రోడ్డు మీద కూర్చున్నారు. క్వింటాలు పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలని, పసుపు బోర్డు కావాలని అడిగారు. వినేవాళ్లు లేకపోయేసరికి అదే ఏడాది ఏప్రిల్‌లో 178 మంది రైతులు నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పోటీకి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఎన్నికల సంఘం ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, 2025 సంక్రాంతి రోజున జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే పెట్టారు. గెలిచింది ఎవరు, బోర్డు తెచ్చింది ఎవరు అన్న వాదనలు మీకు టీ హోటల్లో కావలసినన్ని దొరుకుతాయి. నా మటుకు ఆ బోర్డు వెనక ఉన్నది ఈ చౌరస్తాలో ఎండకు కూర్చున్నవాళ్లే.

ఎర్రజొన్న అంటే బయటివాళ్లు తినే జొన్న అనుకుంటారు. ఇది ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసం విత్తనంగా పోతుంది. రబీలో వేస్తారు, వ్యాపారి ముందే ఒప్పందం చేసుకుంటాడు. ఒప్పందం తప్పితే ఏమవుతుందో ఈ ఊరికి బాగా తెలుసు. బకాయిల కోసం 2008లో చేసిన ఆందోళన పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ఆ సంగతి తెలియకుండా ఇక్కడి విత్తన గోదాముల ముందు ఫొటోలు దిగడం నాకు బాధగా ఉంటుంది.

గుట్ట సంగతి. నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కకుండా పొమ్మని చెప్పను, కానీ కారు ఎక్కించే తోవ వదిలి మెట్లెక్కండి. శ్రావణ, కార్తీక సోమవారాల్లో అందరితో పాటు దర్శనం చేసుకోవచ్చు. రాళ్లను చూడాలంటే మాత్రం ఎవరూ రాని మామూలు రోజు తెల్లవారుజామున రావాలి. దక్కన్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి నిలిచిన ఆ నల్లటి గుండ్ల మధ్య, వంగి దూరితే తప్ప పోలేని గుహలో శివుడున్నాడు. పైనుంచి చూస్తే ఆ వెలుగులో కల్లాలన్నీ కనిపిస్తాయి. గుట్టలను కంకర కోసం పగలగొట్టే పని చుట్టూ నడుస్తూనే ఉంది. ఈ ఒక్క గుట్టను దేవుడు కాపాడుతున్నాడు, మిగిలినవాటిని మనమే కాపాడుకోవాలి.

అంకాపూర్‌కు కోడికూర కోసం పోవద్దు. ఈ మాటకు నాతో పోట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, కూర బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ నాటుకోడి పార్సిల్ కట్టించుకుని కారులోనే తినేసి పోయేవాళ్లకు, ఆ ఊరు విత్తనం మీద నిలబడ్డ ఊరని తెలియకుండానే పోతుంది. పొద్దున్నే పోండి. చేలలోంచి అప్పుడే విరిచి తెచ్చిన మక్కబుట్టలు రోడ్డు పక్కన బొగ్గుల మీద కాలుస్తుంటారు. అవి తిని, విత్తనాలు శుద్ధి చేసే చోట్లు చూసి, కూర సంగతి మధ్యాహ్నానికి పెట్టుకోండి. ముందుగా చెప్పి ఉంచితేనే వేడిగా దొరుకుతుంది.

ఈ చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా గ్రామాభివృద్ధి కమిటీ అనే మాట వింటారు. గుడి, బడి, రోడ్డు, బోరు పనులు సొంతంగా చేసుకున్న ఊళ్లు ఉన్నాయి. అదే కమిటీ పేరుతో జరిమానాలు వేసి కుటుంబాలను వెలివేసిన ఊళ్లూ వార్తల్లోకి ఎక్కాయి. మొదటిది చూపించి రెండోది దాచిపెట్టే మనిషి మీకు దారి చూపిస్తుంటే ఇంకొకరిని కూడా అడగండి.

పోచంపాడుకు గేట్లు ఎత్తినప్పుడు పోవద్దు, దించినప్పుడు పోండి. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇక్కడి శ్రీరాంసాగర్‌ డ్యామ్‌కు 42 గేట్లు. నీళ్లు దూకే రోజు జనం గేట్లను మాత్రమే చూస్తారు. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయాక పూడిక బయటపడుతుంది. 112 టీఎంసీల లెక్కతో కట్టిన జలాశయం ఎంతగా పూడిందో అప్పుడే కంటికి ఆనుతుంది. గుత్ప ఎత్తిపోతల కింద, కాలువల కింద, బోర్ల కింద పసుపు పెట్టిన రైతులు జూలైలో ఈ నీటిమట్టం కోసమే రోజూ పేపర్ తిరగేస్తారు. పూర్తి మట్టం 1,091 అడుగులన్నది మా దగ్గర బడిపిల్లలు కూడా చెబుతారు.

గల్ఫ్ గురించి అడగొద్దని మర్యాద తెలిసినవాళ్లు చెబుతారు. నేను అడగమంటాను. ఆర్మూర్, బాల్కొండ పల్లెల్లో దుబాయ్, మస్కట్, సౌదీ చూడని ఇల్లు తక్కువ. జీతం ఎంతని అడగొద్దు, ఎన్నేళ్లున్నారని అడగండి. పసుపుకు ధర లేని ఏడు ఇంట్లోంచి ఒకరు విమానం ఎక్కడం ఈ పంట కథలో భాగమే. దాన్ని సిగ్గుపడే విషయంలా పక్కకు పెడితే ఆ మనిషిని తక్కువ చేసినట్టు.

కొనేటప్పుడు మెరిసే పసుపు కొనకండి. పాలిష్ పట్టని, మట్టిరంగులో ముడతలు పడ్డ కొమ్ము అడగండి. రెండు చేతులతో విరవండి. బాగా ఎండిందైతే టక్కున లోహపు చప్పుడు చేస్తుంది, లోపల ముదురు నారింజ రంగు కనిపిస్తుంది. వంగితే ఇంకా తేమ ఉందన్నమాట, వదిలేయండి. పసుపు పట్టే గిర్నీలో మీ కళ్లముందే పట్టించుకోండి. రైతు దగ్గర కొంటే బేరం ఆడకండి. యార్డులో ఆ రోజు పలికిన ధర తెలుసుకుని, పాలిష్ ఖర్చు, రవాణా ఆయనకు మిగిలేలా దానికి కొంచెం కలిపి ఇవ్వండి. నగరంలో పొడి డబ్బాకు మీరు కట్టేదాని కంటే అప్పటికీ తక్కువే అవుతుంది.

మార్చిలో ఒక్కోసారి మబ్బు పడుతుంది. అకాల వాన వస్తే కల్లంలో ఎండుతున్న పసుపు తడిసి రంగు పోతుంది, ధర సగం పడిపోతుంది. ఆ వేళ మీరు కల్లం దగ్గరుంటే ఫోన్ జేబులో పెట్టి పరదా కొస పట్టుకోండి. ఎవరి పంట, ఏ ఊరు అని అడగకండి. గాలికి ఎదురుగా ఉన్న కొసను ముందు తొక్కి పట్టాలి, తర్వాత రాళ్లు పెట్టాలి. బట్టలకు అంటిన పసుపు ఒక్క ఉతుకుకు పోదు, అందుకని పాతవే వేసుకుని రండి. తెల్ల చొక్కా ఇంట్లోనే పెట్టండి.

తిరుగు ప్రయాణానికి వీలైతే రైలు చూసుకోండి. 2017లో పూర్తయిన పెద్దపల్లి-నిజామాబాద్ మార్గం 177 కిలోమీటర్లు, ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా పసుపు నేలల మధ్య నుంచే పోతుంది. బండ్లు తక్కువ, బస్సే నయమని అందరూ అంటారు. కిటికీ పక్క సీటు దొరికితే మీరు నడిచిన చేలు రైల్లోంచి ఇంకోసారి చూడొచ్చు. స్టేషన్‌కు పోయే ముందు టైము మాత్రం కనుక్కోండి, ఒకటి తప్పితే తర్వాతది చాలాసేపటికి గాని రాదు.