తెలిసినవాళ్ళు లేని రోడ్డు

నూజివీడు రైల్వేస్టేషను నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్‌లో ఉంది. రైలెక్కేవాళ్ళకు అదో అవస్థ గానీ, సైకిలు పిచ్చి పట్టిన నాకు వరం. పొద్దున్నే ఎక్కడికని ఎవరడిగినా "స్టేషనుకి" అంటే చాలు. బ్రెవేకి తయారవుతున్నానంటే మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఇంట్లో ఏమన్నా గొడవా అని మెల్లగా ఆరా తీస్తారు.

బ్రెవే అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణం, పందెం కాదు. ఫస్టూ సెకండూ ఉండవు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20లో, 400 అయితే 27లో, 600 అయితే 40లో ముగిస్తే చాలు. ఆ పైన నాలుగేళ్ళకోసారి పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగి రావడం ఉంది: 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. 1891లో అది పందెంగానే మొదలైంది. షార్ల్ తెరాన్ 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. ఆ దారిలో ఆయనకు చుట్టాలెవరూ లేరనుకుంటాను.

200కి లెక్క కడితే గంటకు పదిహేను కిలోమీటర్లే. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. కానీ గడియారం ఆగదు. పంక్చరు వేసుకున్నా, ఇడ్లీ తిన్నా, బావమరిది వియ్యంకుడు ఎదురుపడినా ఆ టైమంతా మన ఖాతాలోనే. పంక్చరు పది నిమిషాల్లో తేలుతుంది. వియ్యంకుడి సంగతి చెప్పలేం.

దీనికి తయారవడానికి నాకు దొరికేది పాలప్యాకెట్టు వచ్చాక, స్కూలు బస్సు రాకముందు ఒక్క గంట. టైము లేనివాళ్ళు దూరం తగ్గించి జోరు పెంచాలంటారు. జపాను ప్రొఫెసరు తబాతా 1996లో పరీక్షించి చూపిన పద్ధతొకటుంది: ఇరవై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, పది సెకన్లు ఆగడం, మళ్ళీ తొక్కడం. నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, తొక్కినవాడు కూడా. నాకు స్టాప్‌వాచీతో పని లేదు. టీకొట్టు కనపడగానే తల వంచి దంచుతాను, మామిడితోటల మధ్య ఊపిరి తీసుకుంటాను. "ఏమోయ్, బండి అమ్మేశావా? ట్రాక్టరెక్కు, సైకిలు వెనకాల పడేద్దాం" అనే కేక చెవిన పడేలోపు మలుపు తిరగాలి. నా కాళ్ళలో ఉన్న కాస్త బలమూ మా ఊరివాళ్ళ ఆప్యాయత పెట్టిందే.

దూరం వెళ్ళినప్పుడు గంటకింత పిండిపదార్థం పడాలి. పట్నంవాళ్ళు జెల్ పొట్లాలు చింపుకుంటారు. మే నెలలో మాకా ఖర్చెందుకు? బంగినపల్లికి కత్తి కావాలి కాబట్టి సైకిలు మీదికి పనికిరాదు. చిన్నరసం దివ్యంగా ఉంటుంది. బయల్దేరే ముందే అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, సొన పిండేసి జేబులో వేసుకోవాలి. సొన తీయనివాడి పెదవి ఆగిరిపల్లి చేరేసరికి పొక్కుతుంది. ఒంటిచేత్తో జుర్రుతుంటే రసం మణికట్టు దాటి బ్రేకు మీదికి, అక్కణ్ణుంచి గేర్ల మీదికి పాకుతుంది. సైకిలు గోడకు ఆనించగానే చీమలు హ్యాండిల్ ఎక్కుతాయి.

మా బావ మామిడి వ్యాపారి. ఓ రోజు ట్రాక్టరాపి అడిగాడు.

"ఇంత తొక్కితే ఏమిస్తార్రా?"

"మెడల్, బావా."

"బంగారందా?"

"కాదు. అదీ మనమే కొనుక్కోవాలి. ఎంట్రీ ఫీజు వేరే."

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పూత చూసి తోట కొన్న నన్నే పిచ్చోణ్ణంటుంది మీ అక్క. సాయంత్రం ఓసారి ఇంటికొచ్చి ఈ ముక్క దానికి చెప్పిపో."