మూడో నంబరు
మేడ్చల్ బస్ డిపో దగ్గరి నెట్ సెంటర్లో అందరూ నంబరుతోనే పిలిచారు కాబట్టి ఈ కంప్యూటర్‌కు ‘నేను’ అనడం అలవాటు కాలేదు. ఆత్మకథ చెప్పమన్నా ‘మూడో నంబరు’ అనే మొదలుపెడుతుంది.

మూడో నంబరు పుట్టింది 2008లో, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు గోడవైపు సిస్టమ్‌ల కోసం కొట్టుకుంటుంటే, దీని దగ్గరికి వేరే రకం కుర్రాళ్లు వచ్చేవారు. కండ్లకోయ వైపు ఇంజినీరింగ్ విద్యార్థులు. “అన్నా, మూడో నంబర్ ఖాళీ ఉందా? పది నిమిషాలే” అంటూ కూర్చుని ట్రావియన్ తెరిచేవారు.

2004లో జర్మనీలో మొదలైన బ్రౌజర్ ఆట అది. కలప, బంకమట్టి, ఇనుము, ధాన్యం. ఈ నాలుగింటితోనే ఊరు కట్టాలి, సైన్యాన్ని పోషించాలి. పండేదానికంటే సైన్యం తినేది ఎక్కువైతే, గాదె ఖాళీ అయ్యాక సైనికులు ఆకలికి చస్తారు. ఏదో ఒక కూటమి ప్రపంచ వింతను నూరో స్థాయి దాకా కట్టేసిందా, ఆట సరి. ఎంతటి చక్రవర్తయినా మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే.

నిజానికి ఇందులో మూడో నంబరు చేసిందేమీ లేదు. లెక్కలన్నీ ఎక్కడో ఉన్న సర్వర్‌వి. ఇది అంకెలు, బొమ్మలు చూపించేది, అంతే. కరెంటు పోయి యూపీఎస్ కీచుమన్నా అక్కడ ఊరు పెరుగుతూనే ఉండేది. ఈ ఆటల పట్టంతా అక్కడే. బ్యారక్స్ లేవడానికి గంటలు, దండు శత్రువు ఊరు చేరడానికి ఇంకొన్ని గంటలు. ఈలోగా కుర్రాడు క్లాసులో ఉన్నా, మెస్సులో ఉన్నా మనసు ఊరి మీదే. ఖరీదైన కంప్యూటరుంటే ఒరిగేదేమీ లేదు. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచేవాడిదే పైచేయి. (డబ్బిచ్చి ఆటలోని గోల్డ్ కొనుక్కునేవాళ్ల సంగతి వేరు. క్రెడిట్ కార్డు లేని హాస్టల్ పిల్లలకు ఆ దారి ఎలాగూ లేదు.) లేవలేనివాడు స్నేహితుణ్ని ‘సిట్టర్’గా పెట్టుకోవచ్చు. “రాత్రి అటాక్ వస్తదిరా, జర చూస్కో” అని పాస్‌వర్డ్ చెప్పకుండానే ఊరు అప్పగించొచ్చు. ఆ అప్పగింతల్లో కొన్ని స్నేహాలు గట్టిపడ్డాయి, కొన్ని చెడ్డాయి కూడా.

నియమాలు కొన్నే, ఎత్తులు మాత్రం తెగవు. 3 పులులు, 15 మేకలతో పులిజూదం ఆడిన తాతలకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అన్ని బ్రౌజర్ ఆటలకూ ఇంత ఆయుష్షు దక్కలేదు. కోతులు బెలూన్లు పేల్చే ‘బ్లూన్స్ టవర్ డిఫెన్స్’ లాంటి ఫ్లాష్ ఆటలు దీని ర్యామ్ మొత్తం నమిలేసేవి. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు స్వస్తి చెప్పింది. మామూలు వెబ్ పేజీలనే నమ్ముకున్న ట్రావియన్ మాత్రం నిలిచింది.

అప్పటికి మూడో నంబరు కాపురం శామీర్‌పేటకు మారింది. రాజీవ్ రహదారి పక్కన జిరాక్స్ షాపు. ఎక్స్‌పీకి 2014లోనే మద్దతు ఆగిపోయింది కాబట్టి లైనక్స్ ఎక్కించారు. షాపాయన కూతురు దీని మీద లీచెస్‌లో చదరంగం ఆడుతుంది. 2010లో ఓ ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టిన సైటు. డబ్బులు అడగదు, ప్రకటనలు చూపదు. వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2800 రేటింగ్ దాటినప్పటి నుంచి ఆ పిల్లకు పట్టుదల ఎక్కువైంది. లీచెస్‌లో ఒక్కో ఎత్తుకు 14 రోజుల దాకా గడువు పెట్టుకునే పద్ధతి ఉంది. ఆధార్ కాపీల గుంపు తగ్గేదాకా అవతలివాడు ఏ దేశంలో ఉన్నా ఆగాల్సిందే. ప్రస్తుతం ఆమె గుర్రం పోయేలా ఉంది. అమ్మాయి ఇంకా ఒప్పుకోవడం లేదు.