ఇన్వర్టర్ నీళ్లతో గడ్డం

గిన్నెలో బ్రష్షు తిప్పినంతసేపూ బాగానే పొంగుతుంది. సంబురపడి చెంపకు పట్టించి రేజరు అందుకునేలోగా ఆ నురుగు చచ్చిపోతుంది. మొహం మీద మిగిలేది తెల్లటి జిగురు, దాని మీద దిక్కులేని నాలుగు బుడగలు. కరీంనగర్‌లో కొన్నాళ్లుగా నాకు తెల్లవారడమంటే ఇదే.

కిట్టు పంపింది మా పెద్దోడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పంది వెంట్రుకల బ్రష్షు, చెక్క డబ్బాలో సబ్బు, బరువైన ఇనుప రేజరు, రాతి గిన్నె, పటిక బిళ్ల. “బాపూ, ఇది అసలైన పాత పద్ధతి. ఒక్కసారి అలవాటైందంటే ఇంకోటి ముట్టవు” అన్నాడు. వీడియో కాల్ కాబట్టి మొహం కనపడాలి, కనపడలేదు. ఛాతీ దాకా గడ్డం. 2018లో ‘కేజీఎఫ్’ వచ్చింది మొదలు మన పిల్లల దవడలు ఎట్లుంటాయో కన్నతల్లులే మరిచిపోయారు. రేజరు ముట్టనివాడు నాకు చెంపల నునుపు గురించి పాఠం చెప్తాడు, నేను వింటాను. పింఛనుదారుకు వినడం తప్ప వేరే పనేముంది?

పాఠం చిన్నది కూడా కాదు. బ్రష్షును ముందు నానబెట్టాలి. తర్వాత విదిలించాలి, మరీ విదిలించొద్దు. సబ్బు మీద అర నిమిషం తిప్పాలి. ఆ తర్వాత గిన్నెలో నీళ్లు చుక్క చుక్కగా కలుపుతూ పోవాలి. బుడగలు కనపడితే నీళ్లు ఎక్కువైనట్టు, అంచులు ఎండితే తక్కువైనట్టు. మొదటిసారి వెంట్రుక వాలుకు గీయాలి, రెండోసారి అడ్డంగా, ధైర్యముంటే మూడోసారి ఎదురు వాలుకు. నా పెళ్లిలో అయ్యగారు కూడా ఇన్ని నియమాలు పెట్టలేదు.

చివరికి తేలిందేమంటే, దోషం నా మణికట్టులో లేదు, మా బోరులో ఉంది. కరీంనగర్ నేల కింద ఉన్నదంతా గ్రానైటు. టాన్ బ్రౌన్ అని పేరు పెట్టుకొని ఓడలెక్కి చైనా దాకా పోయే రాయి అదే. పోనిది మా ఇంటి కింద ఉంది. దాని సందుల్లోంచి తోడుకున్న నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాలు సోడియంతోనో పొటాషియంతోనో జత కట్టిన సరుకు. కాల్షియం ఎదురు కాగానే పాత జతను వదిలేసి దానితో కలుస్తుంది, నీళ్లలో కరగని తెట్టుగా మారుతుంది. అంటే నా సబ్బు ముందు బోరు నీళ్లకు స్నానం చేయించి, ఓపిక మిగిలితే నా దగ్గరికి వస్తుంది. మరిగిస్తే కొంత మేలే, గిన్నె అడుగున తెల్లగా కొంత సున్నం దిగుతుంది. దిగనిది దిగదు. ఊరికి ఆనుకొని లోయర్ మానేరు డ్యాం ఉంది, 24 టీఎంసీల నీళ్లు పట్టేది. నాకు కావాల్సింది అర చెంబు. అది నల్లాలో వచ్చే వేళకు నా గడ్డం సిద్ధంగా ఉండదు, నా గడ్డం సిద్ధమయ్యే వేళకు నల్లా ఉండదు.

ఫిల్టర్ క్యానులోంచి ఓ గ్లాసు ముంచాను. మా ఇంటామె చూసింది. “తాగే నీళ్లు నీ గడ్డానికైతే, ఇగ బోరు నీళ్లు మేం తాగాల్నా?” అన్నది. న్యాయమే. మిగిలింది ఇన్వర్టర్ కోసం తెచ్చి మెట్ల కింద పెట్టిన డిస్టిల్డ్ వాటర్. ఉప్పు లేదు, సున్నం లేదు, నీరు తప్ప ఏమీ లేని నీరు. ఆ పూట లేచిన నురుగును ఏమని చెప్పను! గిన్నె బోర్లిస్తే జారలేదు. చెంప మీద పెడితే కదలలేదు. నేను ఫోన్ మాట్లాడి వచ్చినా అట్లాగే ఉంది. ఆమె ఖాళీ డబ్బా చూసి ఒక్కటే మాట అన్నది: “కరెంటు పోతే గా గడ్డం వెలుగుల కూసుందాం.”

బ్రష్షు మీదా ఆమెకు సదభిప్రాయం లేదు. పంది వెంట్రుకలన్న సంగతి ఒకటి, తడిస్తే వచ్చే వాసన ఒకటి. దానికి తోడు 1920లో బ్రిటన్ జపాన్ నుంచి వచ్చే షేవింగ్ బ్రష్షుల దిగుమతిని ఆపేసింది, వాటి వెంట్రుకల ద్వారా జనానికి ఆంత్రాక్స్ సోకుతోందని. ఈ ముక్క చెవిన పడ్డనాటి నుంచి నా బ్రష్షు బాత్రూం కిటికీ బయట, కాకులకు అందుబాటులో ఉంటోంది.

ఆదిలాబాద్‌లో ఉండే మా బావమరిదికి నా గోడు చెప్పుకుంటే వాడి గోడు వాడు తీశాడు. “నీకు నీళ్లే సతాయిస్తున్నయి బావా. ఈడ నీళ్లు మంచియే, పొయ్యి మీదికెళ్లి చెంప మీదికి వచ్చేటాలకు సల్లబడ్తయి. కొబ్బరినూనె సీసలనే గడ్డకట్టింది, నురుగెంత?” చలికాలంలో పాదరసం అయిదు డిగ్రీల దాకా జారే ఊరు, వాడి మాట కాదనలేం. అందుకే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వాడు గడ్డం ముట్టడు. అడిగినవాళ్లకు అయ్యప్ప మాల అని చెప్తాడు. మాల మాత్రం వేయడు.

అసలు నురుగు అంత అవసరమైతే వేములవాడలో పని ఎట్లా నడుస్తోంది? రాజన్న సన్నిధిలో తలనీలాలు తీసే చోట నురుగన్న మాటే వినపడదు. చెంబెడు నీళ్లు నెత్తిన పోస్తారు, అరచేత్తో గట్టిగా రుద్దుతారు, సగం బ్లేడు బిగించిన కత్తి నడినెత్తిన మొదలవుతుంది. మనం శివా అనేలోపు గుండు. మూరెడు జుట్టుకు అక్కర్లేని నురుగు మూడు రోజుల గడ్డానికి ఎందుకో నాకు అంతుపట్టదు. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడైతే పిల్లవాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి. నాకు చెల్లెళ్లకు కొదువ లేదు, వాళ్లకు పిల్లలకు కొదువ లేదు, కాబట్టి వేములవాడలో తడిసిన నా పంచెలకు లెక్క లేదు. పిల్లవాడు ఆకాశం బద్దలయ్యేలా ఏడుస్తుంటాడు. గీసే మనిషి మాత్రం వాడి తలను ఒక్క చేత్తో తిప్పుతూ, ఈసారి వరి ఎట్లుందని నన్నడుగుతుంటాడు. వాళ్ల నాయనమ్మ వంగి, “ఎన్క రెండెంటికలు ఉన్నయి సూడు కొడకా” అంటుంది. వాళ్ల మేనత్త, వీడియో సరిగ్గా రాలేదు మళ్లీ ఏడిపించమంటుంది. ఒకడు నా బొటనవేలు కొరికాడు. ఇంకొకడు చేసింది పంచెకే తెలుసు. ధర్మగుండంలో ముంచి లేపి నెత్తికి గంధం రాస్తే అప్పుడు పిల్లవాడు చెయ్యి పైకి తీసుకపోయి తడుముకొని, ఏమీ దొరక్క ఏడుపు ఆపుతాడు. ఆ తర్వాత కోడె మొక్కు, ఆ కోడె తోక పిల్లవాడి మొహానికి, మళ్లీ ఏడుపు. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చి చేతులు దులుపుకుంటారు, మొగవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అట్లా నా ఒళ్లో నున్నగా అయినవాళ్లందరికీ ఇప్పుడు గడ్డాలొచ్చాయి. ఒక్కడూ గీయడు. నెత్తి మీద ఇచ్చింది గదవ కింద వసూలు చేసుకుంటున్నారు.

ఏదో చెప్తూ ఎటో పోయాను. వెంట్రుకను మెత్తబరిచేది నీళ్లే. నురుగు చేసేది ఆ తడి ఆరకుండా పట్టి ఉంచడం, బ్లేడు జారేలా చూడడం. వేములవాడలో ఆరేంత వ్యవధే ఉండదు, అంతే రహస్యం.

సెలూన్‌కు పోరాదా అంటారు. పోతాను, మంగళవారం కాకపోతే. ఒకప్పుడు అక్కడ ఒకే బ్రష్షు అందరి చెంపల మీదా తిరిగేది. రోగాల భయం వచ్చింది, మనిషికో సగం బ్లేడు వచ్చింది, బ్రష్షు మాయమై డబ్బా నురుగు వచ్చింది. ఒకనాడు దుబాయ్ నుంచి దిగినవాళ్ల సంచుల్లో చూసి నోరు వెళ్లబెట్టిన నురుగే అది. 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం, ఫ్యాను కింద హాయిగా ఉంటుంది. కిట్టు పంపినవాడు పండుగకు వచ్చి అడుగుతాడు కదా, అందుకే ఈ పాట్లు.

వాడి పాత పద్ధతి నిజంగా ఎంత పాతది? గిల్లెట్ కంపెనీ 1903లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఆ ఏడాది పోయినవి 51 రేజర్లే. జగిత్యాల దగ్గరి మా ఊళ్లో నా చిన్నప్పుడు కూడా నడిచింది కత్తుల పొది. మంగలి తాత దాన్ని చంకన పెట్టుకొని పొద్దున్నే వచ్చేవాడు. మా బాపు పీట మీద, తాత నేల మీద గొంతుక్కూర్చొని. మెడ మీద కత్తి పెట్టనిచ్చిన ఇంట్లో మంచం మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఏడాదికోసారి కల్లం కాడ ఇన్ని వడ్లు కొలిచేవాళ్లు.

ఆ పొది ఊరంతా తిరిగేది, మాదిగవాడకు తప్ప. పోవద్దని తాతకు ఎవరైనా చెప్పారో లేదో. చెప్పాల్సిన పని లేనంతగా అందరికీ తెలుసు. అందుకే మా ఊళ్లో సొంతంగా రేజరు, బ్రష్షు కొనుక్కున్న మొదటివాళ్లు ఆ వాడవాళ్లే. సింగరేణి బొగ్గు బాయిల్లో నౌకరీకి పోయినవాళ్లు గోదావరిఖని నుంచి తెచ్చుకున్నారు. చూరుకు అద్దం చెక్కి, గిన్నెలో నురుగు తిప్పుతుంటే బడికి పోతూ నిలబడి చూసేవాళ్లం. “షోకులు ముదిరినయి” అనేవాడు మా బాపు, వాకిట్లో పీట మీద గదవ పైకెత్తి గీయించుకుంటూ.

ఈ సంగతి మా పెద్దోడికి చెప్పాను. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. “మరి వాళ్లకు మెత్తటి నీళ్లు యాడియి బాపూ?” అన్నాడు.

“చెరువు నీళ్లే గదరా. రేవే వేరే.”